మీకు తెలుసా? బియ్యం ‘నిండుకుంటే’ డబ్బా ఖాళీ!

అశుభాన్నో భయాన్నో సూచించే విషయాన్ని శుభకరమైన మాట చాటున చెప్పడాన్ని సభ్యోక్తి అంటారు. బియ్యం అయిపోతే ‘నిండుకున్నాయి’ అనడం, దీపం ఆరితే ‘కొండెక్కింది’ అనడం, పేరెత్తితే ఎదురవుతుందన్న జంకుతో పాముకాటును ‘పురుగు ముట్టింది’ అనడం తెలుగునాట పాత అలవాట్లే. వీటిలో మశూచి కథ మరీ చిత్రమైనది: ఆ జబ్బు సోకితే ‘అమ్మవారు పోసింది’ అనేవారు, అయితే 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాని నిర్మూలనను ప్రకటించాక కూడా ఆ మాట పోలేదు సరికదా, అంతటి ప్రాణాంతకం కాని ఆటలమ్మకు అంటుకుని బతికింది. ఇంగ్లీషులో ఎలుగుబంటికి వాడే ‘బేర్’ సైతం ఈ కోవదేనని, అసలు పేరు పలకడానికి వెరచిన జర్మానిక్ భాషల పూర్వీకులు దాన్ని ‘గోధుమరంగుది’ అన్నారని భాషావేత్తల్లో చాలామంది భావిస్తారు. ఆ అసలు పేరు ఆ భాషల్లో మిగలనే లేదు.