ప్రసారము కాని మాట

ప్రసారమైన ప్రసంగములను గూర్చి ముచ్చటించుకొనుట మనకు పరిపాటి. ప్రసారము కాని యొక ప్రసంగమును గూర్చి నేడు నాలుగు మాటలు చెప్పదలచితిని. 2005వ సంవత్సరము అక్టోబరు నెల కడపట, ఇంగ్లండు దేశమున మాంచెస్టర్ యునైటెడ్ అను ఫుట్‌బాల్ సంఘమువారి సొంత టెలివిజన్ కేంద్రమున, ఆ జట్టు నాయకుడే కూర్చుండి, తన జట్టు అప్పుడే పొందిన పరాజయమును గూర్చి మనసు విప్పి మాటలాడెను. ఆ మాటలు యంత్రమున పట్టి యుంచబడెనే కాని ప్రేక్షకుల యెదుటికి రాలేదు. అయినను ప్రసారమైన వానికంటె నవియే యెక్కువగా లోకమున వ్యాపించినవి. మూడు వారములు తిరుగక మునుపే, పండ్రెండున్నర యేండ్లు ఆ జట్టునకు వెన్నెముకయై నిలిచిన యా నాయకుడు సంఘమును విడిచి వెడలిపోయెను.

ఆట తెలియని శ్రోతలు కూడ ఈ కథను వినవచ్చును. ఓడిన పిమ్మట నిజము చెప్పవలసినవా డెవ్వడు, ఎచ్చట చెప్పవలెను అను చిక్కు నాటక సమాజములకును, కచేరీలకును, ఉమ్మడి కుటుంబములకును గూడ నున్నదే.

ఆ నాయకుని పేరు రాయ్ కీన్. ఐర్లండు దేశమున కార్క్ నగరమున 1971లో జన్మించినవాడు. నాటింగ్‌హాం ఫారెస్టు జట్టునుండి 1993లో మాంచెస్టరునకు వచ్చినపుడు అతనికై చెల్లించిన మూల్యము ముప్పదియేడు లక్షల యేబదివేల పౌన్లు. ఆ నాటికి బ్రిటనులో అంతటి సొమ్మును ఏ ఆటగానికిని ఇచ్చి యుండలేదు. 1997లో ఎరిక్ కాంటోనా ఆట విరమింపగా నాయకత్వ మితనికి వచ్చినది. మైదానమున ఇతని స్థానము నడిమి వరుస. గోలు కొట్టువారు ముందును, గోలు కాచువారు వెనుకను ఉందురు. నడిమివాడు ఈ యిరువురకును నడుమ వంతెన వంటివాడు. బంతి పోయినచో వెంటాడి తెచ్చుట, తెచ్చినదానిని ముందువారికి అందించుట, తోడివాడు బద్ధకించినచో కేకవేసి మేల్కొలుపుట వాని పనులు. ఈ మూడవ పనిలో కీన్‌ను మించినవాడు లేడని ప్రతీతి. ఏడు లీగు విజయములు, నాలుగు ఎఫ్.ఏ. కప్పులు అతని కాలమున ఆ జట్టునకు దక్కినవి.

అతని స్వభావమును ఎఱుగుటకు ఒక్క ఆట చాలును. 1999 ఏప్రిల్ 21వ తేదీన ఇటలీలోని ట్యూరిన్ నగరమున, యూవెంటస్ జట్టుతో ఐరోపా కప్పునకై ఉపాంత్య పోటీ జరిగెను. ఆట మొదలై పదునొకండు నిమిషములు కాకమునుపే యూవెంటస్‌వారు రెండు గోళ్లు కొట్టిరి. ఇక ఆశ యుడిగినదని యందఱు తలచుచుండగా, కీన్ తలతో బంతిని కొట్టి యొక గోలు తెచ్చెను. అటుపిమ్మట కొలది సేపటికే అతడొక తప్పు చేయగా రెఫరీ పసుపు చీటీ చూపెను. ఆ చీటీ యర్థ మేమనగా, జట్టు గెలిచినను తుదిపోటీలో అతడు ఆడరాదు. తన జీవితములోని గొప్ప పోటీ తనకు లేదని ఆ క్షణముననే యతనికి తెలిసినది. తెలిసియు కడవఱకు అదే పట్టుదలతో ఆడెను. మాంచెస్టర్ మూడు రెండు గోళ్లతో గెలిచెను. మే 26న బార్సిలోనాలో బయర్న్ మ్యూనిక్‌పై జట్టు కప్పు గెలుచుకొనినపుడు నాయకుడు మామూలు దుస్తులలో వెలుపల నుండి చూచినాడు. ఇట్టివాడు ఇతరులనుండి ఏమి యాశించునో శ్రోతలు ఊహింపవచ్చును.

ఇక 2005 అక్టోబరు 29. మాంచెస్టర్ జట్టు మిడిల్స్‌బ్రో పట్టణమునకు పోయి నాలుగు ఒకటితో ఓడినది. మెండియెటా రెండు గోళ్లు, హాసెల్‌బైంక్ ఒకటి, యాకుబు ఒకటి కొట్టిరి. ఆట ముగియు వేళకు రొనాల్డో యొక గోలు కొట్టెనుగాని, అది కన్నీరు తుడుచుటకైనను చాలలేదు. కీన్ ఈ ఆటలో లేడు. సెప్టెంబరు 18న లివర్‌పూల్‌తో జరిగిన ఆటలో కాలి యెముక విరిగి, నాటినుండి విశ్రాంతిలో నుండెను. ఈ సంగతి జ్ఞాపక ముంచుకొనవలెను, ముందు దీనితో పని యున్నది.

ఆ సంఘపు టెలివిజన్ కేంద్రమున అప్పట్లో నొక యేర్పాటు ఉండెడిది. ఆట జరిగిన పిమ్మట జట్టులోని పెద్ద యాటగా డొకడు వచ్చి, చిత్రమును చూచుచు, జరిగినదానిని విమర్శించెడివాడు. సాధారణముగా ఇట్టి విమర్శలు చక్కెరపాకములు. మనవారు బాగుగనే ఆడిరి, అదృష్టము కలిసి రాలేదు, వచ్చే వారము చూడుడు అని చెప్పి లేచిపోయెడివారు. ఈ పర్యాయము వంతు కీన్‌ది. అతడు పాకము పట్టుట నేర్చినవాడు కాడు. పత్రికలలో వెల్లడియైన దానినిబట్టి అతడు పేరుపేరున దోషము లెన్నినాడు. రిచర్డ్‌సన్, ఫ్లెచర్, ఓషే, ఆలన్ స్మిత్ అను చిన్నవారును, రియో ఫెర్డినాండ్ వంటి పేరుమోసినవాడును ఆ పట్టికలో నుండిరి. పెద్ద జీతము వచ్చుటయే పెద్ద యాటగా డగుటకు నిదర్శనము కాదన్నది అతని మాటల సారాంశము.

సంఘమువారు విని ప్రసారమును నిలిపివేసిరి. నిలిపిన మఱునాటినుండియే ఆ మాటలు పత్రికల కెక్కినవి. ఇచ్చట నా యభిప్రాయ మొకటి చెప్పెదను. ఆ కార్యక్రమమును యథాతథముగ వినిపించి యుండినచో, వినువారు మాటతోపాటు గొంతును కూడ వినియుందురు. కోపముతో అన్నాడా, బాధతో అన్నాడా, నవ్వుచు అన్నాడా అని తమంతట తాము తేల్చుకొనియుందురు. నిలిపివేయుటచే గొంతు పోయి మాటలు మాత్రమే మిగిలినవి. గొంతు లేని మాట కాగితముపై నెప్పుడును మఱింత కటువుగ నుండును. ఈ సంగతి ఆకాశవాణి శ్రోతలకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

అటుపిమ్మట మేనేజరు సర్ ఆలెక్స్ ఫెర్గూసన్ గారు ఆటగాండ్రనందఱిని తమ గదికి పిలిపించి ఆ చిత్రమును వేయించిరి. అక్కడ జరిగినదానిని గూర్చి రెండు గ్రంథములు రెండు తీరుల చెప్పుచున్నవి. ఫెర్గూసన్ గారు 2013లో వెలువరించిన స్వీయచరిత్రలో, ఆ మాటలు వినరానివనియు, తోటివారిని దూషించుట తగదని గోలుకీపరు వాన్ డెర్ సార్ అనగా కీన్ అతనిపైననే విరుచుకుపడెననియు వ్రాసిరి. కీన్ 2014లో రాడీ డాయిల్ సాయమున వ్రాసిన గ్రంథములో, ఆ మాటలంత ఘోరమైనవి కావనియు, ఆటగాండ్రెవ్వరును నొచ్చుకొనలేదనియు చెప్పికొనెను. ఒకే గదిలో నుండి ఒకే చిత్రమును చూచిన యిద్దరి సాక్ష్యము లిట్లున్నవి. అతనికి ఐదువేల పౌన్ల జరిమానా పడెను. నవంబరు 18న ఉభయుల సమ్మతితో ఒప్పందము రద్దయినదని ప్రకటన వెలువడెను. ఎనిమిదేండ్లు నాయకుడై, 480 ఆటలాడినవానికి వీడ్కోలు ఆ ప్రకటన యంత పొట్టిది.

అతడు తప్పు చేసెనా? మన పెద్దలు యథార్థవాది లోకవిరోధి యనిరి. ఇంటిగుట్టు లంకకు చేటనియు వారే యనిరి. రెండింటిలో ఇచ్చటికి ఏది తగును? దీనికి సమాధానము కీన్ చరిత్రలోనే దొరకునని నా తలంపు. 2002 ఏప్రిల్ నెలలో అదే జట్టు ఐరోపా కప్పు ఉపాంత్య పోటీలో జర్మనీలోని బయర్ లెవర్‌కూసెన్ చేతిలో నోడెను. రెండాటలును సమానముగ ముగిసినను, పరస్థలమున కొట్టిన గోళ్ల లెక్కలో అవతలివారు పైకి పోయిరి. ఆ ఓటమి పిమ్మట కీన్ దాచుకొనక చెప్పెను: గడియారములు, కారులు, మేడలు వచ్చినవి, వానిని తెచ్చిన ఆకలి మాత్రము పోయినదని. 2005 నాటి మాటలకును వీనికిని సారమున భేద మేమియు లేదు. అయినను అప్పుడతని నెవ్వరును వెడలగొట్టలేదు. మఱి మూడేండ్లకు పైగా అతడే నాయకుడు.

భేదము మాటలో లేనపుడు మఱి యెచ్చట నున్నది? లెవర్‌కూసెన్‌లో జరిగిన రెండవ ఆటలో జట్టుకు వచ్చిన యొక్క గోలును కొట్టినవాడు కీన్. తన వంతు చెల్లించి, పిదప తక్కినవారిని బాకీ యడిగినాడు. అంతియకాక, అప్పుడు అతడు జట్టునంతటిని కలిపి అనినాడు. జట్టునంతటిని అనినపుడు ప్రతివాడును ఇది నాకు గాదు, ప్రక్కవానికి అనుకొని తల దాచుకొనవచ్చును. 2005లో అతడు మైదానమున లేడు. కాలు విరిగి వెలుపల నుండి చూచినవాడు. ముప్పదినాలుగేండ్లవాడు, ఒప్పందము మఱుసటి వేసవికి ముగియనున్నది. చెమటోడ్చుచు ప్రక్కన పరుగెత్తువాడు తిట్టిన తిట్టు సహింపవచ్చును. వెలుపల కూర్చున్నవాని నోట అదే తిట్టు వచ్చినచో అది తీర్పు వలె తోచును. ఆ తీర్పులో పేర్లు కూడ నున్నవి.

ఆటకు ముందును, నడుమను, తరువాతను ఆటగాండ్రు చేరెడి గది యొకటి యుండును. నాటకములకు తెరవెనుక యెట్టిదో జట్టునకు అది యట్టిది. ఆ గదిలో చెప్పరాని మాట యుండదు. రంగు పూసికొనుచున్న నటుని సూత్రధారుడు తెరవెనుక ఎంత గద్దించినను వాడు మారుమాటాడక తెరముందునకు పోయి పద్యము చదువును. ప్రేక్షకుల యెదుట గద్దించెనా, ఆ రాత్రి నాటకము ముగిసినట్లే. గద్దింపులోని నిజము పోలేదు. దిద్దుకొనుటకు వానికి చోటు లేకపోయినది. ఆ చోటును కాపాడుట మేనేజరు పని. ఫెర్గూసన్ గారు తామే ఆ గదిలో ఉరుము వలె గర్జించెడివారని ప్రసిద్ధి. బయట మాత్రము తన పిల్లలను ఎవ్వరిని ఏమియు అననిచ్చెడివారు కారు. కీన్ ఆ కట్టుబాటును అతిక్రమించుటయే కాక, జట్టులో ఎవరి మాట కడపటిదన్న ప్రశ్నను గూడ లేవనెత్తినట్లయినది. ఆ ప్రశ్నకు ఫెర్గూసన్ గారి యొద్ద ఎప్పుడును ఒకటే జవాబు.

అయినను తప్పంతయు కీన్‌దే యని నేననను. సంఘమువారు అతని స్వభావ మెఱిగియే పిలిచి కూర్చుండబెట్టిరి. అడిగినదానికి అతడు నిజము చెప్పెను. పొగడ్త కావలసినచో పొగడువానిని పిలువవలసినది.

జట్టు సంగతి యేమాయెను? నవంబరు 2న పారిసు నగరపు వెలుపల లిల్ జట్టు చేతిలో మఱల నోడెను. నవంబరు 6న మాత్రము నలువది లీగు ఆటలుగ ఓటమి యెఱుగని చెల్సీ జట్టును ఒకటి సున్నతో ఓడించెను. ఆ ఒక్క గోలును తలతో కొట్టినవాడు డారెన్ ఫ్లెచర్, కీన్ దోషము లెన్నినవారిలో నొకడు. చీవాట్ల ఫలమా, చీవాట్లను లెక్కచేయని పౌరుష ఫలమా అనునది ఎవ్వరును తేల్చి చెప్పజాలరు. డిసెంబరులో ఆ జట్టు ఐరోపా కప్పునుండి తొలగినది గనుక ఆ యేటి మటుకు కీన్ మాటలో సత్య మున్నదనియే చెప్పవలెను. కాని అటుపై 2007, 2008, 2009 సంవత్సరములలో వరుసగ మూడు లీగు విజయములు, 2008లో మాస్కో నగరమున ఐరోపా కప్పును ఆ జట్టే గెలిచెను. అందు ఫెర్డినాండ్, వాన్ డెర్ సార్, ఓషే, ఫ్లెచర్ ఉండిరి. వీరివలన కాదని 2005లో తోచినది మూడేండ్లలో వీరివలననే అయినది.

కీన్ కొలది మాసములు గ్లాస్గోలోని సెల్టిక్ జట్టున ఆడి, 2006లో ఆట విరమించెను. ఆ మే నెలలో అతని గౌరవార్థము మాంచెస్టర్‌లో జరిగిన ఆటలో సగము సెల్టిక్ పక్షమునను, సగము మాంచెస్టర్ పక్షమునను ఆడెను. మైదానము క్రిక్కిరిసి యుండెను. ఆగస్టులో సండర్లాండ్ జట్టునకు మేనేజరయ్యెను. రెండవ తరగతిలో అడుగునకు దగ్గఱగ నున్న ఆ జట్టును ఒక్క యేటిలో ఆ తరగతికి ప్రథమస్థానమునకు చేర్చి, పై తరగతికి తెచ్చెను. పై తరగతిలో నిలువవలెనన్న క్రొత్త ఆటగాండ్రు కావలెను గదా. 2007 వేసవిలో అతడు మాంచెస్టర్‌నుండి ఒక ఆటగానిని కొని తెచ్చుకొనెను. అతడు కీరన్ రిచర్డ్‌సన్. రెండేండ్లకు ముందు టెలివిజన్ గదిలో కూర్చుండి కీన్ పేరు పెట్టి తప్పుపట్టినవారిలో అతడును ఒకడు.