మా పిల్లలు మెచ్చిన పుస్తకములు, పాటలు

గడచిన విద్యాసంవత్సరము మొదలు మా పాఠశాలలో ప్రతి శనివారము చివరి గంటను ఒక చిన్న పనికై విడిచితిమి. ఎనిమిదవ తరగతి నుండి పదవ తరగతి వరకు గల బాలబాలికలలో ఒకరిద్దరు ముందుకు వచ్చి, తాము చదివిన పుస్తకము నొకదానిని, విన్న పాట నొకదానిని తోటివారికి సిఫారసు చేయవలెను. ఎందుకు మెచ్చితిరో కూడ చెప్పవలెను. చెప్పిన మాటలను వారే ఒక నోటుపుస్తకములో వ్రాసి పెట్టుదురు. ఆ నోటుపుస్తకము నిండినది. దానిని మొదటి పుట నుండి కడపటి పుట వరకు చదువగా మాకు తెలిసివచ్చిన సంగతులను తల్లిదండ్రులకు విన్నవింపదలచి ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

మొదటి వారములలో మాకు నిరాశయే కలిగినది. లేచిన ప్రతి విద్యార్థియు "చాలా బాగుంది సార్" అని కూర్చుండెడివాడు. ఒక బాలుడు తన పాటను పొగడుచు "కోటి మంది చూశారు సార్" అనెను. కోటి మంది చూచుట ఆ కోటి మంది సంగతి గాని అతని అభిప్రాయము కాదు గదా. కనుక "బాగుంది" అను మాటను శనివారపు గంటలో నిషేధించితిమి. ఆ మాట పోయిన తరువాత గాని పిల్లలు మాటలు వెదకుకొనుటకు మొదలిడలేదు. పాటలో ఏ చోట మనసు నిలిచినది, పుస్తకములో ఏ పుట వద్ద చదువుట ఆపి ఆలోచించితిని, ఎవరికి ఇది నచ్చదని అనుకొందును, అని వారే క్రమముగా చెప్పసాగిరి. పదునాలుగేండ్ల వయసున అభిప్రాయము లేక కాదు. దానిని అడిగెడివారు లేక అది పైకి రాదు.

నోటుపుస్తకములో మాకు ఆశ్చర్యము కలిగించినది వేరొక సంగతి. పాటల వరుసను చూచిన అందు తెలుగు పాటలే మిక్కుటముగా నున్నవి. పుస్తకముల వరుసను చూచిన ఒడియా పుస్తకములు, ఇంగ్లీషు పుస్తకములు. తెలుగు పుస్తకము అరుదు. పిల్లలు వారే, ఇల్లు అదే, ఇంటిలో మాటలాడు భాష అదే. అయినను చెవికి తెలుగు, కంటికి పరభాష. ఇట్లేల జరిగినది?

తెలుగు పుస్తకములపై పిల్లలకు ప్రీతి లేదని మొదట మేమును తలచితిమి. అది పొరపాటు. అసలు కారణము లిపిలో నున్నది. మా పిల్లలు బడిలో తెలుగు అక్షరములు నేర్చుకొందురు. బడి గేటు దాటిన తోడనే రైల్వే స్టేషనులో, బస్సుపై, అంగడి బోర్డుపై, ఆసుపత్రి చీటిపై వారి కంటికి కనబడునవి ఒడియా అక్షరములు, ఇంగ్లీషు అక్షరములు. కన్ను దేనిని పదిసార్లు చూచునో దానినే వేగముగా చదువును. పైగా తెలుగు, ఒడియా లిపులు రెండును బ్రాహ్మి నుండి పుట్టినవే, రెండును గుండ్రనివే. తాటాకుపై గంటముతో వ్రాయునపుడు అడ్డగీత ఆకును చీల్చునని, అందుచే అక్షరములు వంపు తిరిగినవని పెద్దలు చెప్పుదురు. ఒడియాలో "ఠ" అను అక్షరము వట్టి వలయము. మనకు ఆ ఆకారము సున్న. ఎనిమిదవ తరగతి పిల్లవాడొకడు తెలుగు పాఠము చదువుచు సున్న వద్ద క్షణకాలము ఆగుటను మేము కన్నులార చూచితిమి. ఆ క్షణకాలపు ఆటంకము ఒక్క పుటలో నలుబదిసార్లు కలిగిన యెడల కథ ఎక్కడ రుచించును? పాటకు ఈ ఆటంకము లేదు. పాటకు అక్షరముతో పని లేదు.

ఇది నేటి పిల్లల తప్పు కాదు, ఈ నేలకు వచ్చిన చరిత్ర. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా రాష్ట్రము ఏర్పడు వరకు ఈ ప్రాంతము మదరాసు రాజధానిలో విశాఖపట్టణము జిల్లాకు చేరియుండెను. 1992లో కోరాపుట్టు జిల్లా నుండి రాయగడ వేరు జిల్లా అయినది. పాలన మారినది, బోర్డులు మారినవి. ఇంటి మాట మారలేదు. రెండు భాషలను రెండు కన్నులుగా చూచుకొన్న పెద్దలు ఇచటనే యుండిరి. జయపురము మహారాజు విక్రమదేవవర్మ గారు ఒడియాలోను తెలుగులోను రచనలు చేసిరి; ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఏటేట లక్ష రూపాయల విరాళమిచ్చి పోషించిరి. మా పిల్లలలో చాలమందికి జయపురము కోట తెలియును గాని ఈ సంగతి తెలియదు.

పాటలను గూర్చి మా మనసులో ఒక అహంకారముండెను. దానిని దాచుట న్యాయము కాదు. సినిమా పాట వినగనే కనుబొమలు ముడుచుట మా వృత్తిలో వారికి అలవాటు. తొమ్మిదవ తరగతి బాలుడొకడు "నాటు నాటు" పాటను సిఫారసు చేసెను. 2023లో ఆస్కారు బహుమానము పొందిన పాట కనుక చెప్పుచున్నాడని మేము అనుకొంటిమి. అతడు బహుమానము మాట ఎత్తనే లేదు. "సార్, అందులో పోలికలన్నీ పల్లెటూరివి. నాకు సగం తెలియలేదు. మా మామ్మని అడిగాను. ఆవిడ ఒక్కొక్కటీ చెబుతూ తన ఊరి కబుర్లు చెప్పింది. ఆ రోజు రాత్రి పదింటిదాకా మాట్లాడుకున్నాం" అనెను. గంతులు వేయు పాట యొకటి మామ్మకును మనుమనికిని నడుమ ఇంత పని చేసినది. మేము కనుబొమలు సవరించుకొంటిమి. అయినను ప్రతి పాటయు ఇట్టిదే యని మేము ఒప్పుకొనము. చెవులు పగులునట్టి మోత తప్ప వేరేమియు లేని పాటలను కూడ పిల్లలు తెచ్చిరి. వాటిని గూర్చి తోటి పిల్లలే "ఇందులో మాట వినబడలేదు" అని విమర్శించిరి. మేము నోరు మెదపవలసిన పని కలుగలేదు.

పదవ తరగతి బాలిక యొకతె 1951 నాటి "మల్లీశ్వరి" చిత్రపు పాటను ఎన్నుకొన్నది. వాళ్ళ తాతగారు సాయంకాలము దుకాణము కట్టునపుడు కూనిరాగము తీయుదురట. "ఈ పాటకి తొందర లేదు సార్. మాటకీ మాటకీ మధ్య కాస్త ఖాళీ ఉంది. ఆ ఖాళీ కూడా వినబడుతుంది" అని ఆమె చెప్పెను. సంగీతపాఠము ఎన్నడును నేర్వని పిల్ల మాట అది. అపుడు మేము ఆమెకు ఒక సంగతి చెప్పితిమి. ఆ చిత్రమునకు సంగీతము కూర్చిన సాలూరి రాజేశ్వరరావు గారు 1922లో సాలూరు దాపున శివరామపురములో పుట్టిరి. సాలూరనగా ఏ దూరదేశమో కాదు. సుంకి, పొట్టంగి మీదుగా కోరాపుట్టునకు వచ్చు ఘాటురోడ్డు మొదలగు చోటు. రాయగడలో రైలెక్కి పార్వతీపురము, బొబ్బిలి దాటినచో విజయనగరము. అచట 1919లో వెలసిన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులు. ఘంటసాల వేంకటేశ్వరరావు గారు అచట చదివినవారే. ఇంత సంగీతము మన కొండల క్రిందనే పుట్టినదని వినగానే తరగతి అంతయు ఒక్క క్షణము నిశ్శబ్దమైనది.

పుస్తకముల మాటకు వచ్చెదము. అందు మాకు ఒక చిక్కు సంభవించినది. వ్యాపారస్థుల ఇంటి బాలిక యొకతె గోపీనాథ మహాంతి గారి "పరజా" నవలను ఒడియాలో చదివి సిఫారసు చేసినది. 1945లో వెలువడిన ఆ నవల మన కోరాపుట్టు కొండలలోని పరజా కుటుంబము కథ. సుక్రు జానీ, అతని బిడ్డలు షావుకారు అప్పులో చిక్కి గోతీలై చెడిపోవుదురు. మహాంతి గారు ప్రభుత్వోద్యోగిగా ఈ కొండలలో తిరిగి, ఈ జనుల భాషలు నేర్చి వ్రాసినవారు. 1973 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము వారికి లభించినది. ఆ బాలిక "ఈ పుస్తకంలో తప్పు ఎవరిదో నాకు తేలలేదు. షావుకారు కూడా లెక్క ప్రకారమే అడుగుతాడు. కానీ ఆ లెక్క చదవడం సుక్రు జానీకి రాదు" అని వ్రాసినది. అంతటితో ఊరకుండక ఇంటికి పోయి తండ్రిని "మన ఖాతాలో వడ్డీ ఎలా కడతారు నాన్నా?" అని అడిగినదట.

మరునాడే ఆ తండ్రిగారు వచ్చిరి. "ఏం మేష్టారూ, పిల్లలకి ఇలాంటి పుస్తకాలా ఇస్తున్నారు?" అనిరి. మేము వాదింపలేదు. పుస్తకమును వారి చేతిలో పెట్టి, చదివి చెప్పుడని కోరితిమి. వారికి ఒడియా చక్కగా వచ్చును. పది దినముల తరువాత తిరిగి ఇచ్చుచు "మా తాతల కాలం మాట మేష్టారూ ఇది. అబద్ధం కాదు. పిల్లకి ఖాతా పుస్తకం చూపించాను" అనిరి. ఈ సంచిక చదువు తల్లిదండ్రులలో ఎవరికైన పిల్లవాని అభిప్రాయము కష్టము కలిగించిన యెడల, ముందు ఆ పుస్తకమును తెప్పించుకొని చదువుడు. పిమ్మట కోపపడుటకు ఎంతయో అవకాశమున్నది.

ఇక తెలుగు పుస్తకములు. అరుదుగా నున్న ఆ కొలదిపాటి సిఫారసులను ఏరి చూచితిమి. "చందమామ" పాత సంపుటములు, ముళ్ళపూడి వెంకటరమణ గారి "బుడుగు", అట్టివి మరి రెండు మూడు. వీనిలో ఏది యెట్లు మీ చేతికి వచ్చినదని పిల్లలను పిలిచి అడిగితిమి. దాదాపు అందరి జవాబును ఒక్కటే: ముందు ఎవరో చదివి వినిపించిరి. అమ్మయో, మామ్మయో, వేసవి సెలవులకు పార్వతీపురమునుండి వచ్చిన మేనమామయో రెండు మూడు పుటలు బిగ్గరగా చదివిరి. మిగిలినది పిల్లవాడు తానే పట్టుకొనెను. "బుడుగు మాటలు మన ఊరి మాటల్లా లేవు సార్, అయినా మా అమ్మ చదువుతూ నవ్వు ఆపుకోలేకపోయింది, అందుకని చదివాను" అని ఒకడనెను. ఇప్పుడు మాకు చిక్కు విడినది. తెలుగు పుస్తకము మా పిల్లల వద్దకు కంటి త్రోవను రాజాలకున్నది. చెవి త్రోవను వచ్చుచున్నది. చెవి ఒకసారి కథను పట్టుకొన్న పిమ్మట కన్ను సున్నవద్ద ఆగదు, ఎట్లో దాటిపోవును.

1947లో మదరాసున మొదలైన "చందమామ" 2013లో ఆగిపోయినది. దానికే "జహ్నమామూ" అని ఒడియా కూర్పు కూడ ఉండెడిది. ఒకే బొమ్మలు, ఒకే బేతాళుడు, రెండు లిపులు. పాత సంచికలు ఎవరి అటకమీదనైన ఉన్నచో అమ్మివేయకుడని ప్రార్థన. రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చదివిన పిల్లవానికి తెలుగు అక్షరము తొందరగా లొంగుటను మేము చూచితిమి. అట్లే మహాంతి గారి మరియొక నవల "అమృతర సంతాన", 1955లో ఒడియాకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము తెచ్చినది. సాలూరులో పుట్టిన పురిపండా అప్పలస్వామి గారు దానిని "అమృత సంతానం" అను పేర తెలుగు చేసిరి. మన కొండల కంధుల కథను మన తెలుగులో చదువు అవకాశమది. కాని అది పెద్ద గ్రంథము. ఎనిమిదవ తరగతి వారికి ఇచ్చి భయపెట్టరాదు.

ఇచట గిడుగు రామమూర్తి పంతులు గారిని తలపకుండుట కృతఘ్నత. వారు మన పొరుగున పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై, సవరల మాటను చెవితో విని నేర్చి, వారి పిల్లలకు వారి భాషలోనే వాచకములు వ్రాసిరి. 1931లో సవర వ్యాకరణమును వెలువరించిరి. ముందు చెవి, పిమ్మట అక్షరము అను మార్గము వారిదే. వాడుక భాషకై జీవితాంతము పోరాడిన ఆ మహనీయుని పేరును మేము ఇట్టి గ్రాంథికములో వ్రాయుట చూచి పాఠకులు నవ్వవచ్చును. మా చేతికి పట్టిన అలవాటు ఇది. పిల్లలకు మాత్రము దీనిని అంటింపలేదు.

తల్లిదండ్రులను మేము కోరునది చిన్నది. రాత్రి భోజనములైన పిదప ఒక తెలుగు పుస్తకమునుండి రెండు పుటలు బిగ్గరగా చదువుడు. కథ మంచి పట్టులో నున్నపుడు ఆపి, పుస్తకమును పిల్లవానికి అందునట్లు వదలిపెట్టుడు. చదువురాని తల్లులు దిగులుపడనక్కరలేదు. పిల్లవాని పాటను పూర్తిగా వినుడు, అందు తెలియని మాట ఏదియని అడుగుడు. ఫోనులో మ్రోగు పాట మనకు నచ్చకపోవచ్చును, అయినను "ఆపరా" అనుటకు ముందు "ఎందుకు నచ్చిందిరా?" అని ఒక్కసారి అడుగుట మంచిది.

మా గ్రంథాలయపు బీరువా శనివారము సాయంకాలము నాలుగు గంటల వరకు తెరచియుండును. పిల్లలతో పాటు పెద్దలును పుస్తకములు తీసికొనిపోవచ్చును, రుసుము లేదు. కొత్త నోటుపుస్తకములో కడపటి పుటలను తల్లిదండ్రుల సిఫారసులకై విడిచియుంచితిమి. ఇంతవరకు ఇద్దరు తల్లులును, దుకాణము కట్టుచు పాడు ఆ తాతగారును మాత్రమే అందు వ్రాసిరి. తాతగారు పాట పేరు మరచి, పల్లవి మాత్రము వ్రాసి, "మిగతాది పిల్లలకి తెలుసు" అని సంతకము చేసిరి.