మేమా? మనమా? - ఆఫీసు ఇంగ్లీషులో ఒక చిక్కు

మనలో చాలామందిమి రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం వల్లెవేసి ఈ దేశం వచ్చినవాళ్ళమే. యాక్టివ్ వాయిస్‌ని పాసివ్‌లోకి మార్చమంటే నిద్రలో లేపి అడిగినా మారుస్తాం. మాస్టారి బెత్తం మహిమ అది! అయినా ఇక్కడ ఆఫీసులో నాలుగు వాక్యాలు వ్రాయడానికి నేను పడిన పాట్లు చెబితే, కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న మన పిల్లలకు కాస్త పనికొస్తుందేమోనని ఈ వ్యాసం.

1998 నాటి సంగతి. వై టూ కే పని మీద ఒహాయోలో ఒక బీమా కంపెనీకి కాంట్రాక్టు మీద వెళ్ళాను. హెచ్-1 వీసా. ఆరు నెలలకోసారి కాంట్రాక్టు పొడిగించాలి, లేకపోతే ‘బెంచి’ మీద కూర్చోవాలి. ఇంట్లో మా ఆవిడకు ఏడో నెల. అటువంటి రోజుల్లో ఒక గురువారం కంప్యూటర్ ఆపరేషన్స్ వాళ్ళకు ఈమెయిల్ పంపాను: “వి షుడ్ టేక్ ది బ్యాకప్ బిఫోర్ ది ఫ్రైడే నైట్ రన్.”

వ్యాకరణం ప్రకారం వాక్యంలో తప్పేమీ లేదు. నా మనసులో ఉన్నది మాత్రం “శుక్రవారం రాత్రి లోపల మనం బ్యాకప్ తీసుకుంటే బాగుంటుందండీ” అని. అంటే మర్యాదగా ‘మీరు తీయండి’ అని చెప్పడం. మన ఇళ్ళలో అత్తగారు “కాస్త కాఫీ పెట్టుకుందామా అమ్మాయ్?” అంటే, పెట్టవలసింది ఎవరో వేరే చెప్పాలా! కానీ ఆపరేషన్స్ వాళ్ళకు ఈ అత్తగారి భాష తెలియదు కదా. ‘వి’ అంటే ప్రోగ్రామర్లు, వాళ్ళే తీసుకుంటారు కాబోలు అనుకున్నారు. చివరికి ఎవరూ తీయలేదు. శుక్రవారం రాత్రి మా ప్రోగ్రాము క్లెయిముల ఫైలును కాస్తా పాడుచేసింది. శని, ఆదివారాలు పదకొండు మందిమి కాగితాలు ముందు పెట్టుకుని అన్నీ మళ్ళీ టైపు చేశాం. సోమవారం మేనేజరు నా ఈమెయిల్ ప్రింటు తీసి, ‘వి’ చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి నా ముందు పెట్టాడు. తిట్టలేదు. “హూ?” అన్నాడు, అంతే. ఆరు నెలలు పొడిగించవలసిన కాంట్రాక్టు రెండు నెలలే పొడిగించారు.

ఇంటికొచ్చి ఆలోచిస్తే అసలు చిక్కు అర్థమైంది. మన భాషలో ‘మేము’ వేరు, ‘మనం’ వేరు. ఎదుటివాణ్ణి కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. తమిళంలోనూ ‘నామ్’, ‘నాంగళ్’ అని రెండున్నాయి. ఇంగ్లీషు ‘వి’కి గానీ, హిందీ ‘హమ్’కి గానీ ఆ భేదం లేదు. తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో వ్రాసేటప్పుడు ఆ భేదం మన మనసులోనే ఉండిపోతుంది, కాగితం మీదికి రాదు. వ్రాసినవాడికి మాత్రం వచ్చినట్టే ఉంటుంది. అదే ప్రమాదం!

ఆ రెండు నెలలూ నాకు మళ్ళీ బడి. మా అంతస్తులోనే మాన్యువల్స్ దిద్దే ఒక పెద్దావిడ ఉండేది. నా అవస్థ చూసి, పంపే ముందు తనకు చూపించమంది. ఆవిడ పద్ధతిలో వ్యాకరణం మాట చాలా తక్కువ. ప్రింటు తీసి పైకి చదవమనేది. ఎక్కడ ఊపిరి అందకపోతే అక్కడ వాక్యం విరవమనేది. మనం తెలుగులో వెళ్ళి, చూసి, మాట్లాడి, కనుక్కుని అంటూ ఎన్ని క్రియలైనా గొలుసుకట్టి, అసలు సంగతి చిట్టచివర చెబుతాం. తెలుగులో అది అందమే. ఇంగ్లీషులో అదే చేస్తే మేనేజరు రెండో లైను దగ్గరే ఆగిపోతాడు. నా ఈమెయిళ్ళలో ఆఖరి వాక్యాన్ని కత్తిరించి మొదట అంటించేది ఆవిడ. చాలాసార్లు మధ్యలోది తీసేసినా నష్టం కనిపించేది కాదు. ఆ తర్వాత ప్రతి వాక్యం దగ్గరా ఆగి, ఎవరు చెయ్యాలి, ఏం చెయ్యాలి, ఎప్పటిలోగా అని అడిగేది.

‘ఐ హ్యావ్ ఎ డౌట్’ అన్న మాటతో కూడా చిక్కే వచ్చింది. మనకు డౌటు అంటే అడిగి తెలుసుకోవలసిన విషయం. అమెరికన్ల చెవికి అది ‘నీ మాట మీద నాకు నమ్మకం లేదు’ అన్నట్టుగా వినిపిస్తుంది. ‘క్వశ్చన్’ అంటే సరిపోతుంది. ఇక ‘టుడే ఇట్‌సెల్ఫ్’ మన ‘ఇవాళే’లోని ఏకారం, ‘డూ ది నీడ్‌ఫుల్’ తెల్లదొరల కచేరీల నాటి గుమాస్తా ఇంగ్లీషు. దొరలు వదిలేసినా మనం భద్రంగా దాచుకున్నాం!

కామాలదేముందిలే అని కూడా అనుకోకండి. మెయిన్ రాష్ట్రంలో ఓవర్‌టైమ్ వర్తించని పనుల జాబితా ఒకటి చట్టంలో ఉండేది. దాని చివర ‘ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్’ అని ఉంది. ‘షిప్‌మెంట్’ తర్వాత కామా లేదు. మరి డిస్ట్రిబ్యూషన్ విడిగా ఒక పనా, లేక ప్యాకింగులో భాగమా? ఓక్‌హర్స్ట్ డెయిరీ ట్రక్కు డ్రైవర్లు అది ప్యాకింగులో భాగమేనని, తాము చేసేది ప్యాకింగు కాదు కాబట్టి తమకు ఓవర్‌టైమ్ రావాలని దావా వేశారు. 2017లో అప్పీలు కోర్టు వాళ్ళ వైపే మొగ్గింది. మరుసటి ఏడాది కంపెనీ యాభై లక్షల డాలర్లకు రాజీపడింది.

వారెన్ బఫెట్ తన కంపెనీ వార్షిక నివేదిక వ్రాసేటప్పుడు తన అప్పచెల్లెళ్ళతో మాట్లాడుతున్నట్టు ఊహించుకుంటానని చెప్పాడు. తెలివైనవాళ్ళే గానీ లెక్కల లోతులు తెలిసినవాళ్ళు కారు, వాళ్ళకు అర్థమైతే అందరికీ అర్థమవుతుందని ఆయన ఉద్దేశం. 1998లో ఎస్.ఇ.సి. ప్రచురించిన సులభ ఇంగ్లీషు చేతిపుస్తకానికి వ్రాసిన ముందుమాటలోది ఈ సంగతి. నేనూ అప్పటినుంచి తణుకులో ఉన్న మా అక్కయ్యను తలుచుకుని వ్రాయడం మొదలుపెట్టాను. ఆవిడ దగ్గర డొంకతిరుగుడు చెల్లదు.

కాంట్రాక్టు మళ్ళీ పొడిగించారు. అదే వారం మా అమ్మాయి పుట్టింది. ఇప్పుడు ఆ అమ్మాయే నా ఈమెయిళ్ళు దిద్దుతుంది. “నాన్నా, ఇవన్నీ కంప్యూటరే దిద్దుతుంది కదా” అంటుంది. నిజమే, కామాలూ, ‘ఎ’, ‘ది’లూ నాకంటే బాగా దిద్దుతుంది. మొన్న సరదాకి పాత ‘వి షుడ్ టేక్ ది బ్యాకప్’ వాక్యాన్ని దానికే ఇచ్చి చూశాను. ఏ దోషమూ లేదంది. ఆ ‘వి’ ఎవరో దానికి మాత్రం ఎలా తెలుస్తుంది?

కిందటి ఉగాదికి మన సంఘం సభ్యులందరికీ ఈమెయిల్ వ్రాసిందీ నేనే. “వి విల్ ఫోల్డ్ ది చెయిర్స్ ఆఫ్టర్ లంచ్” అని. భోజనాలయ్యాక రెండు వందల కుర్చీలు ఎవరు మడిచారో కార్యవర్గం వాళ్ళ నడుములనే అడగండి. ఈసారి మడిచేవారి పేర్లు వరసగా వ్రాసి హాలు తలుపుకు అంటించాం. మొదటి పేరు నాదే.