రౌటరు మార్చుటకు ముందు

గత ఆషాఢమున, లాల్‌దర్వాజా బోనాల ఆదివారమునాడు, మా యింట ముప్పదిమందికి తక్కువ కాకుండ చుట్టములు చేరిరి. మాది గౌలిపురాలో తాతలనాటి ఇల్లు. నడుమ వాకిలి, చుట్టును ఆరు గదులు. రాతితోను డంగుసున్నముతోను కట్టిన గోడలు రెండడుగుల మందము. దుబాయిలో ఉద్యోగము చేయుచున్న మా తమ్మునికి బోనము చూపవలెనని అమ్మ ఉదయము నుండియు ఫోను పట్టుకొని కూర్చున్నది. తీరా బోనము గడప దాటు వేళకు తమ్ముని ముఖము సగము నవ్వుతో బొమ్మవలె నిలిచిపోయినది. అమ్మ ఫోనును కొంగుతో తుడిచి మరల చూచినది. డప్పుల చప్పుడు వీథి మలుపు తిరిగిన పిదప గాని వాని మాట వినబడలేదు.

ఆ రాత్రి చుట్టములు వెళ్లిపోగానే అంతయు సరిగా నడచినది. ఐదేండ్ల క్రితము కంపెనీవారు ఫైబరు తీగతోపాటు ఉచితముగా ఇచ్చిన పెట్టెను తీసివేసి క్రొత్త రౌటరు కొనవలెనని మాకు వెంటనే తోచినది. అట్లు కొనియుందుమేని డబ్బులో సగము వృథా అయియుండెడిది. మేము ముందుగా తెలిసికొనదగిన దేమో, ఇటువంటి ఇండ్లలో నున్న పాఠకులకు చెప్పుట మంచిదని తోచినది.

ఆ చిన్న పెట్టె నాలుగు పనులు చేయును. ఫైబరులో వెలుగుగా వచ్చిన దానిని విద్యుత్ సంకేతముగా మార్చును. ఇంటిలోని ప్రతి ఫోనునకును ఒక చిరునామా ఇచ్చును. ఆ చిరునామాల నన్నిటిని బయటి ప్రపంచమునకు ఒక్క చిరునామాగా చూపును. చివరకు వైఫై అను పేర రేడియో ప్రసారము సాగించును. వీనిలో ఏ పని చెడినను మనకు కనబడునది ఒక్కటే: గిరగిర తిరుగు చక్రము.

మూడవ పని కొంత వివరింపవలసియున్నది. 1981లో ఇంటర్నెట్ చిరునామాలను ఏర్పరచినప్పుడు వాని మొత్తము సుమారు 429 కోట్లు. ఆనాటికి అది అంతులేని సంఖ్యగా తోచినది, నేడు చాలదు. అందుచేత ఇంటిల్లపాదికిని ఒక్క చిరునామా చాలునట్లు రౌటరు ఒక పట్టిక వ్రాసికొనును. ఏ ఫోను ఏ దూరపు యంత్రముతో మాటాడుచున్నదో, వచ్చిన జవాబు ఎవరికి చేరవలెనో అందులో ఉండును. ఒక్క ఫోనే ఒకేసారి పదుల కొలది సంభాషణలు నడుపును. ముప్పది ఫోనులు, రెండు టెలివిజనులు, గుమ్మముమీది కెమెరా కలిసినచో పట్టికలో వేల వరుసలు నిండును. చౌక పెట్టెకు జ్ఞాపకశక్తి తక్కువ. పట్టిక నిండగానే క్రొత్త సంభాషణను తిరస్కరించును. స్విచ్చి ఆపి మరల వేయగానే బాగుపడుట, కొన్ని గంటలకు మరల చెడుట, ఈ రోగమునకు లక్షణములు.

నాలుగవ పని రేడియో ఇండ్లవారికి సులభముగా తెలియును. ఆకాశవాణి హైదరాబాదు కేంద్రము 738 కిలోహెర్ట్జుల మీద వినిపించిన మీడియం వేవు తరంగము పొడవు సుమారు 406 మీటర్లు. దానికి మన గోడలు ఒక లెక్క కాదు. వైఫై తరంగము 2.4 గిగాహెర్ట్జుల వద్ద పన్నెండు సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జుల వద్ద ఆరు సెంటీమీటర్లకు లోపు. పొట్టి తరంగము ఎక్కువ సమాచారము మోయును గాని రాతిగోడలో ఇంకిపోవును. పైగా 2.4 గిగాహెర్ట్జుల పట్టీలో ఒకదానితో నొకటి కలియని చానళ్లు మూడే: 1, 6, 11. గోడకు గోడ ఆనుకొనియున్న పాతబస్తీలో పొరుగిండ్ల పెట్టెలన్నియు ఆ మూటినే పంచుకొనవలెను. ఒకప్పుడు రేడియో వినుటకే తపాలా కార్యాలయమున లైసెన్సు కట్టినవారము, ఇప్పుడు ఇంటింట ప్రసార యంత్రము పెట్టుకొని ఎవరిని అడుగ నక్కరలేదు గదా!

మదీనా చౌరస్తా నుండి చార్మినారునకు నడచువారు మచ్లీ కమాను, గుల్జార్ హౌజు, చార్మినార్ కమాను వరుసగా దాటవలెను. రంజాను సాయంకాలమున జనము ఎచ్చటనో ఒకచోట బిగిసిపోవును. వెనుకనున్న వానికి ఆ చోటేదో తెలియదు. ఇంటిలోను అంతే. కనుక ఒక్కొక్క కమాను వద్ద నిలిచి చూడవలెను. మొదట కంప్యూటరును తీగతో పెట్టెకు కలిపి వేగము చూడుడు. తరువాత పెట్టె ప్రక్కనే వైఫై మీద, ఆ తరువాత దూరపు గదిలో. ఇది తెల్లవారుజామున గాక రద్దీ వేళనే చేయవలెను. ఇంట ఎవరును లేకున్నను ప్రతిరాత్రి తీగ మీదనే వేగము పడిపోయినచో దోషము వీథిలోనిది. ఒక ఫైబరు మీది సుమారు 2.5 గిగాబిట్లను చీల్చి 32 లేక 64 ఇండ్లకు పంచుట వాడుక. అచ్చటి రద్దీని మీరు కొను ఏ రౌటరును తీర్చలేదు; కంపెనీవారికి ఫిర్యాదు చేయవలసినదే.

మా యింట రాత్రి తొమ్మిది గంటలకు తీగ మీద పూర్తి 100 మెగాబిట్లు వచ్చినవి. చివరి గదిలో ఆరు! అది గోడల పని. కాని మేనల్లుని పుట్టినరోజునకు పాతికమంది కూడినప్పుడు తీగ మీద కూడ క్రొత్త పుటలు తెరువబడలేదు. అప్పటికే నడుచుచున్న సినిమా మాత్రము నడచినది. పట్టిక నిండిన దనుటకు ఇంతకంటె సాక్ష్యము వలదు. మాకున్నది రెండు రోగములని అప్పుడు తెలిసినది.

క్రొత్త రౌటరు తెచ్చినను పాత పెట్టెను పారవేయరాదు. వెలుగును గ్రహించు భాగము అందులోనే యున్నది; దాని సంఖ్య కంపెనీవారి లెక్కలో నమోదైయుండును. వారిని అడిగి దానిని 'బ్రిడ్జి' పద్ధతిలో పెట్టించవలెను. అప్పుడది వెలుగు మార్చు పని మాత్రము చేసి, పట్టికను క్రొత్తదానికి వదలును. కనెక్షను పేరు, రహస్యపదము ముందే వ్రాసికొనుడు. ల్యాండులైను ఆ పెట్టెకే తగిలియున్నచో అది పనిచేయునో లేదో అడుగుడు. మాకు ఈ మార్పు చేయించుటకు నాలుగు ఫోనులు పట్టినవి. మొదటి ముగ్గురును స్విచ్చి ఆపి వేయుమనిరి. బ్రిడ్జికి ఒప్పుకొననిచో క్రొత్త పెట్టెను కేవలము వైఫై ప్రసారమునకు వాడవచ్చును గాని, పట్టిక పాతదానిలోనే ఉండును. ఆ రోగము తీరదు. దుకాణమువారు ఈ మాట చెప్పరు.

మేము వైఫై 6 తరగతి రౌటరు కొంటిమి. అది చానలును సన్నని పాయలుగా చీల్చి, ఆ తరగతి ఫోనులు పలువురివి ఒకే క్షణమున పలుకునట్లు చేయును. వరుసను చక్కదిద్దు సదుపాయమున్నదా యని కూడ చూచితిమి. ఒకరు పెండ్లి వీడియో పంపుచుండగా మరియొకరి మాట ఆగకుండుటకు, 2012లో కేథలీన్ నికల్స్, వాన్ జేకబ్‌సన్ అను ఇరువురు ప్రకటించిన పద్ధతి మూలముగా నున్నది. పాత వైఫై పేరును, రహస్యపదమును క్రొత్తదానికే పెట్టి, పాత పెట్టెలోని వైఫైని ఆపివేసితిమి; ఫోనులు వేటిని మరల సవరింప నక్కరలేకపోయినది. రౌటరును నడుపు రహస్యపదమును మాత్రము మార్చవలెను.

గోడల రోగమునకు బలమైన పెట్టె మందు కాదు. వాకిలి చూరు వెంబడి తీగ లాగి, అవతలి వసారాలో రెండవ ప్రసార పెట్టె నుంచితిమి. తీగలేని మెష్ పెట్టెలు కొన్ని వచ్చిన మాటనే గాలిలో మరల చెప్పును గనుక సామర్థ్యము చాల తగ్గును; మా రాతిగోడలకు అవి సరిపడవు. ఇనుప బీరువా వెనుక, అద్దము వెనుక ఏ పెట్టెయు పెట్టవలదు.

సద్దుల బతుకమ్మనాటికి ఇల్లు మరల నిండినది. తమ్ముడు గంటసేపు చూచి, చెల్లెలు పేర్చిన బతుకమ్మ ఒకవైపు ఒరిగినదని పేరు పెట్టినాడు. నడుమ ఇరువది నిమిషములు కరెంటు పోయినది. మూడు పెట్టెలును ఇన్వర్టరు మీదనే యుండుటచేత మాట తెగలేదు. పాత పెట్టెను దానికి కలుపుట మరచిపోయి, ఆ మధ్యాహ్నమే సవరించితిమి.