యెజ్డీ రోడ్‌కింగ్ కస్టమ్ బిల్డ్: ఫ్రేమ్ కోయలేదు, బండి మాత్రం నా సైజుకొచ్చింది

కెఫే రేసర్ రీల్ ఒక్కటి చూస్తే చాలు, ఇంట్లో మూలన పడున్న పాత బండి మీద కన్ను పడుతుంది. వెనక ఫ్రేమ్ కోసెయ్, సింగిల్ సీట్ పెట్టు, క్లిప్-ఆన్ హ్యాండిల్ బిగించు... కామెంట్ల నిండా ఫైర్ ఎమోజీలు. చూడ్డానికి అదిరిపోతుంది, కాదనను. కానీ ఆ బండి మీద రోజూ కొంపల్లి నుంచి మాదాపూర్ దాకా ట్రాఫిక్‌లో వెళ్లాల్సింది రీల్ తీసినవాడు కాదు, నేను.

నా దగ్గరున్నది 1986 యెజ్డీ రోడ్‌కింగ్. మా బాబాయ్‌ది. పదేళ్లుగా షెడ్‌లోనే ఉంది. ఇచ్చేటప్పుడు ఆయన ఒక్కటే షరతు పెట్టారు: "ఏమన్నా చేస్కో రా, కానీ నేను అడిగిననాడు నేను గూడ ఎక్కి నడిపేటట్టు ఉండాలె." ఆయనకు అరవై దాటాయి, మోకాళ్ల నొప్పులు. నాది ఐదడుగుల పది అంగుళాల ఎత్తు, రోజంతా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని పాడైన నడుము. ఈ ఇద్దరికీ సరిపడే బండి కావాలి.

రోడ్‌కింగ్‌ను మైసూరులో ఐడియల్ జావా కంపెనీ 1978 నుంచి 1996 దాకా తయారు చేసింది. 250 సీసీ క్లాస్ టూ-స్ట్రోక్, సిలిండర్ ఒక్కటే, సైలెన్సర్లు మాత్రం రెండు. అసలు విచిత్రం ఏంటంటే గేర్ లివర్, కిక్ రాడ్ రెండూ ఒకటే! లివర్‌ను లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్, కిందికి దించేస్తే గేర్. కెఫే రేసర్ ఐడియా నాకు ఇక్కడే పోయింది. 1960ల లండన్ ఏస్ కెఫే కుర్రాళ్ల స్టైల్ రావాలంటే ఫుట్‌రెస్ట్‌లు వెనక్కి జరపాలి. గేర్ లివర్‌కు లింకేజీ పెట్టి వెనక్కి తేవచ్చు, కానీ అదే లివర్‌తో కిక్ కూడా కొట్టాలి కదా. పాదాలు ఉన్నచోటే ఉండాలని ఇంజనే డిసైడ్ చేసేసింది.

ఇక మిగిలినవి సీటు, హ్యాండిల్. కొలతలకు పెద్ద టూల్స్ అక్కర్లేదు. బండిని సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టి, ఫోన్‌ను ట్రైపాడ్ మీద సీటు ఎత్తులో పెట్టి, పక్క నుంచి ఫొటో తీయండి. ఒకటి మీరు కూర్చుని, ఇంకోటి హ్యాండిల్ పట్టుకుని కాస్త ముందుకు వంగి. భుజం, నడుము, మోకాలు, మణికట్టు కలుపుతూ గీతలు గీస్తే ఎక్కడ వంపు ఎక్కువైందో తెలిసిపోతుంది. నా ఫొటోలో మణికట్లు మరీ లోపలికి తిరిగాయి, సీటు నడిమధ్యలో గుంత పడింది. కొంచెం వెడల్పు, కొంచెం ఎత్తు ఉన్న ట్రాకర్ టైప్ హ్యాండిల్ జాంబాగ్‌లో దొరికింది. సీటు పాన్ అలాగే ఉంచి, ఫోమ్ మాత్రం కొత్తది, ముందువైపు సన్నగా చెక్కించాను. దాంతో బాబాయ్ కాళ్లు రెండూ నేలకు ఆనుతున్నాయి.

వెనక ఫ్రేమ్ లూప్ కోద్దామా అని మెకానిక్ భాయ్‌ని అడిగితే గ్రైండర్ తీయకుండా ఆర్‌సీ తీయమన్నాడు. "కాగితంల ఉన్న బండి ఒకటి, రోడ్డు మీద ఉన్నది ఇంకోటి అయితది తమ్మీ" అన్నాడు. భాయ్ మాట కరెక్టే. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. మార్చితే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల ఫైన్ లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. రంగు మార్చినా ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. హ్యాండిల్ లాంటి చిన్నవాటికి కూడా ముందు ఆర్టీఏ ఆఫీసులో ఒక మాట అడగండి.

చాలామంది "వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయిస్తే సరిపోతుంది కదా బ్రో" అంటారు. సరిపోదు. 2021 రూల్స్ ప్రకారం ఆ ట్యాగ్‌కు బండి వయసు 50 ఏళ్లు దాటాలి, ఛాసిస్, ఇంజన్ మార్చకుండా ఒరిజినల్‌గా ఉండాలి. పైగా రోజూ ఆఫీసుకు వేసుకెళ్లడానికి లేదు. రోడ్‌కింగ్ పుట్టిందే 1978లో, మీరే లెక్కేసుకోండి. మామూలు ఆర్‌సీ అయితే 15 ఏళ్ల తర్వాత ప్రతి ఐదేళ్లకోసారి రెన్యువల్. పెయింట్ డబ్బా కొనకముందే ఈ పని చేయించాను.

మన గ్యాడ్జెట్ బుర్రకు పని దొరికేది కరెంటు దగ్గర. నా బండికి 6 వోల్టుల డైనమో, పాయింట్ల ఇగ్నిషన్. హారన్ కొడితే హెడ్‌లైట్ మసకబారేది. డైనమో తీసేసి 12 వోల్టుల ఆల్టర్నేటర్, సీడీఐ కిట్ పెట్టించాను. బల్బులు, హారన్, బ్యాటరీ అన్నీ మార్చాల్సి వచ్చింది, బిల్డ్‌లో పెద్ద ఖర్చు ఇదే. ఇప్పుడు ఉదయం రెండు కిక్కుల్లో స్టార్ట్, లైటు స్టడీ. పాత రబ్బరు పెట్రోల్ పైపు కూడా తీసేయండి, E20 పెట్రోల్‌లోని ఇథనాల్‌కు అది ఎక్కువ రోజులు ఆగదు.

ఫోన్ మౌంట్ మాత్రం హ్యాండిల్‌కు నేరుగా బిగించకండి. బైక్ ఇంజన్ల బలమైన వైబ్రేషన్ వల్ల ఐఫోన్ కెమెరాలోని ఓఐఎస్, ఆటోఫోకస్ దెబ్బతినొచ్చని ఆపిలే 2021లో హెచ్చరించింది. ఓఐఎస్ ఉన్న ఏ ఫోన్‌తోనైనా నేను ఆ రిస్క్ తీసుకోను. నేనైతే ఫోన్ జేబులో, మ్యాప్స్ వాయిస్ హెల్మెట్‌లో.

బ్రేకులు డ్రమ్మే. కొత్త షూలు, కేబుళ్లు వేయించినా డిస్క్‌తో పోల్చకండి. కారుకు ఎంత దూరంలో ఉంటారో దానికి రెట్టింపు వదలండి. సైలెన్సర్లు కూడా ఒరిజినల్‌వే, లోపలి బఫిల్స్‌కు పట్టిన మసి కాల్చి తీస్తే బండి మళ్లీ ఊపిరి తీసుకుంది. ఆ సౌండ్‌కు ఆఫ్టర్‌మార్కెట్ పైపు ఎందుకు చెప్పండి?

పోయిన ఆదివారం అనంతగిరి కొండల దాకా వెళ్లొచ్చాం. వికారాబాద్ దాకా నేను, ఘాట్ రోడ్డు మీద బాబాయ్. మోకాలు అడ్డం వస్తుందేమో అని చూశాను, రాలేదు. దిగాక ఆయన చెప్పిన కంప్లైంట్ ఒక్కటే, వెనక షాకప్స్ గట్టిగా ఉన్నాయట. ఆ స్ప్రింగులు ఈ వారం భాయ్ దగ్గరికి వెళ్తున్నాయి.