ఆనాడు అడగని ప్రశ్న

కెనడా దేశంలోని కాల్గరీ నగరంలో మా బావగారు ఉద్యోగం చేస్తున్నారు. 2015లో మేము అక్కడికి వెళ్ళినప్పుడు ఒక సాయంత్రం ఆయన, "బావగారూ, ఈ ఊరి హాకీ వీరుడు ఒకాయన తన పుస్తకం గురించి మాట్లాడతాడట. సరదాగా వెళ్ళి వద్దాం రండి" అన్నారు. ఆటల మీద మాకు పెద్ద ఆసక్తి లేకపోయినా ఆయన మాట కాదనలేక బయలుదేరాము.

హాకీ అనగానే మనకు ధ్యాన్‌చంద్ ఆడిన పచ్చిక మైదానం గుర్తుకు వస్తుంది. అక్కడివారి హాకీ వేరు. గడ్డకట్టిన మంచుమీద, అడుగున పదునైన ఉక్కు పలక గల బూట్లు తొడుక్కొని జారుతూ ఆడతారు. మేము చూడబోయిన వ్యక్తి థియో ఫ్లూరీ. ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలు మాత్రమే. ఆజానుబాహువుల మధ్య ఈ పొట్టివాడు ఏమి నిలుస్తాడని అందరూ అనుకున్నారు. కాని ఆయన 1989లో కాల్గరీ జట్టుతో స్టాన్లీ కప్పు గెలిచాడు. 2002లో కెనడా జట్టుతో ఒలింపిక్ స్వర్ణ పతకం అందుకున్నాడు. అగ్రశ్రేణి పోటీలలో వెయ్యికి పైగా ఆటలు ఆడాడు.

ఆ విజయాల కథే వింటామని కూర్చున్నాము. విన్నది వేరు.

ఫ్లూరీ పుట్టి పెరిగినది సామాన్య కుటుంబం. తండ్రికి త్రాగుడు వ్యసనం. ఇంట్లో దొరకని ఆదరణ ఆ బాలుడికి ఆటలో దొరికింది. పదమూడు, పద్నాలుగేళ్ళ వయసులో ఒక శిక్షకుడు అతని నేర్పును గుర్తించి, నిన్ను పెద్ద ఆటగాణ్ణి చేస్తానన్నాడు. ఇంటివారు సంతోషించారు. ఆ శిక్షకుడే ఆ బాలుణ్ణి ఏళ్ళ తరబడి లైంగికంగా హింసించాడు. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ శిక్షకుడు ఊరవతల తిరిగే దుర్మార్గుడేమీ కాదు. 1989లో ఒక ప్రముఖ హాకీ పత్రిక అతణ్ణి ఆ సంవత్సరపు మేటి వ్యక్తిగా ఎన్నుకొన్నది! అటువంటివాని మీద ఒక పిల్లవాడు నోరు విప్పితే నమ్మేవారెవరు?

కనుక ఆ బాలుడు నోరు విప్పలేదు. పేరు వచ్చింది, ధనం వచ్చింది, వాటితోపాటు మద్యం, మాదకద్రవ్యాలు, జూదం కూడ వచ్చాయి. 2005లో గాని ఆయన త్రాగుడు మానలేకపోయాడు. 2009లో, నలభయ్యవ పడిలో ప్రవేశించిన తరువాత, మొదటి పుస్తకంలో జరిగినదంతా బయటపెట్టాడు. ఆ శిక్షకుడు నేరం ఒప్పుకొన్నాడు. 2012లో రెండేళ్ళ శిక్ష పడింది. మరుసటి సంవత్సరం పై న్యాయస్థానం దానిని అయిదేళ్ళకు పెంచింది. అదే శిక్షకుని చేతిలో బాధపడిన షెల్డన్ కెన్నెడీ అనే ఆటగాడు 1996లోనే ముందుకు వచ్చి ఈ దారి తెరిచాడు.

మొదటి పుస్తకం మీద సంతకం కోసం వరుస కట్టినవారిలో ఎందరో దగ్గరకు వచ్చి, "నాకు కూడా" అన్నారని ఫ్లూరీ అనేక సభలలో చెప్పియున్నాడు. ఆ మాటలోని బరువు మేమూ ఆ రాత్రే చూశాము. వరుసలో మా ముందు అరవయ్యేళ్ళ పెద్దమనిషి ఒకరు నిలబడియున్నారు. తన వంతు రాగానే వంగి రెండు మూడు మాటలు చెప్పారు. ఏమి చెప్పారో మాకు వినబడలేదు. తిరిగి వెళ్ళేటప్పుడు మాత్రం ఆయన కళ్ళు తుడుచుకొన్నారు. పుస్తకం మీద సంతకం చేయించుకోవడం కూడ మరచిపోయారు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఒక బాలుని ముఖం పదే పదే ఎదుట నిలిచింది.

మేము సేవకు వచ్చిన క్రొత్తలో ఒక గ్రామంలో ఉండగా, ఒక తల్లి తన పదకొండేళ్ళ కుమారుణ్ణి చెయ్యి పట్టి మా ఇంటికి తీసుకొని వచ్చింది. "అయ్యగారూ, వీడు హాస్టలుకు వెళ్ళనంటున్నాడు. మీరైనా బుద్ధి చెప్పండి" అన్నది. పిల్లవాడు తల వంచుకొని నిలబడ్డాడు. పెద్దలకు లోబడాలని, చదువు మానితే కూలి పనే గతి అని మేము చాలాసేపు చెప్పాము, ప్రార్థన చేసి పంపాము. ఎందుకు వెళ్ళనంటున్నావని మాత్రం ఒక్కసారి కూడ అడగలేదు.

ప్రియ పాఠకులారా, ఇది ఎక్కడో మంచుదేశంలో జరిగే పాపమని అనుకోవద్దు. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ మన ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాలలో 12,447 మంది పిల్లలను అడిగి ఒక నివేదిక వెలువరించింది. వారిలో 53 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపుకు గురైనట్లు చెప్పారు. అలా చెప్పినవారిలో సగానికి పైగా మగపిల్లలే! మగపిల్లవాడికి భయమేమిటని మనం నిశ్చింతగా ఉంటాము. 2012లో వచ్చిన పోక్సో చట్టం పద్దెనిమిదేళ్ళలోపు ఆడపిల్లలకు, మగపిల్లలకు సమానంగా వర్తిస్తుంది. ఇటువంటి నేరం తెలిసికూడ పోలీసులకు తెలియజేయకపోవడం ఆ చట్టం ప్రకారం నేరమే. పరువు పోతుందని కప్పిపుచ్చే కుటుంబ పెద్దకు గాని, సంఘ పెద్దకు గాని ఇందులో మినహాయింపు లేదు. 1098 నంబరుకు పిల్లలు గాని, పెద్దలు గాని ఉచితంగా ఫోను చేయవచ్చు.

తిరిగి వచ్చిన తరువాత మా సంఘంలో కొన్ని నియమాలు పెట్టుకొన్నాము. ఏ పెద్దవారూ, చివరకు కాపరియైనా సరే, మూసిన గదిలో ఒక పిల్లవాడితో ఒంటరిగా ఉండరాదు. ఆదివారపు బడిలో ప్రతి తరగతికి ఇద్దరు ఉపాధ్యాయులుండాలి. "మమ్మల్నే అనుమానిస్తారా?" అని కొందరు నొచ్చుకొన్నారు. అనుమానం ఎవరి మీదా కాదు, పిల్లల క్షేమం కోసమని నచ్చజెప్పవలసి వచ్చింది.

తల్లిదండ్రులారా, నిన్నటివరకు ఇష్టంగా వెళ్ళిన చోటికి మీ బిడ్డ ఉన్నట్టుండి వెళ్ళనంటే, బెత్తం తీయకముందు ఒక్కసారి ప్రక్కన కూర్చోబెట్టుకోండి. "ఎందుకు నాన్నా?" అని అడగండి. చెప్పినది వినండి. నమ్మండి.

ఆ బాలుడు ఇప్పుడు విజయవాడలో ఆటో నడుపుతున్నాడు. చదువు మధ్యలోనే ఆగిపోయింది. ఆ మరుసటి సంవత్సరం అతణ్ణి వెదకి కలుసుకొన్నాము. టీ త్రాగిన తరువాత, "ఆ రోజు హాస్టలుకు ఎందుకు వెళ్ళనన్నావు బాబూ?" అని అడిగాము. అతడు చాలాసేపు రోడ్డు వైపే చూస్తూ ఉండిపోయాడు.

"ఇన్నాళ్ళకు అడిగారు అయ్యగారూ" అన్నాడు.

తరువాత అతడు చెప్పినది ఇక్కడ వ్రాయడానికి మాకు హక్కు లేదు. ఆటో ప్రక్కకు తీసి, చీకటి పడేవరకు ఇద్దరం అందులోనే కూర్చున్నాము.