అర సెకనులో ఆట

బేస్‌బాల్ మన క్రికెట్‌కు దూరపు చుట్టం. ఇందులో బంతి విసిరేవారిని పిచర్ అంటారు. వారు బంతిని నేలకు తాకించకుండా బ్యాటరు ముందుకు నేరుగా విసరాలి.

అమెరికాలో ఏటా విలియమ్స్‌పోర్ట్ దగ్గర పిల్లల జట్లకు పెద్ద పోటీలు జరుగుతాయి. 2014లో ఫిలడెల్ఫియా నగరపు పిల్లల జట్టు ‘టేనీ డ్రాగన్స్’ అక్కడిదాకా వచ్చింది. ఆగస్టు 15న 13 ఏళ్ళ మోనే డేవిస్ అనే అమ్మాయి బంతులు విసరగా, నాష్‌విల్ జట్టు ఒక్క పరుగైనా చేయలేకపోయింది! టేనీ 4-0తో గెలిచింది. ఆ పోటీల్లో పిచర్‌గా గెలుపు సాధించిన మొదటి బాలిక ఆమే.

ఆమె బంతి వేగం గంటకు సుమారు 70 మైళ్ళు. పెద్దల ఆటలో అది 90 మైళ్ళు దాటుతుంది. మరి ఈ బంతిని కొట్టడం అంత కష్టమా? లెక్క కట్టి చూద్దాం.

70 మైళ్ళంటే 113 కిలోమీటర్లు. అంటే సెకనుకు 31 మీటర్లు. పిల్లల మైదానంలో బంతి దాటవలసిన దూరం 46 అడుగులు, అనగా 14 మీటర్లు. గాలి అడ్డును పక్కన పెట్టి, 14ను 31తో భాగించండి. 0.45 సెకను వస్తుంది. పెద్దల మైదానంలో ఆ దూరం 60½ అడుగులు. అక్కడ ఇంతే సమయంలో చేరాలంటే బంతి గంటకు 92 మైళ్ళ వేగంతో దూసుకుపోవాలి!

కన్ను చూసిన సంగతి మెదడుకు చేరి, చేయి కదలడానికే సుమారు 0.2 సెకను పడుతుంది. మిగిలేది పావు సెకను. బ్యాటు తిప్పడం అందులోనే జరగాలి.

మీ బడి మైదానంలో 14 మీటర్లు కొలిచి నిలబడండి. “అమ్మాయి విసిరిన బంతే కదా!” అనుకోవడానికైనా వ్యవధి లేదని మీకే తెలుస్తుంది.